ముక్కు మేస్త్రి ఎర్ర కారు బాగుచేసిన వారం

మా గోడ అవతల షెడ్డు ముక్కు మేస్త్రిది. ఆ షెడ్డుకి బోర్డు లేదు. పేరు రాయించలేదు, ఫోను నంబరు రాయించలేదు, కనీసం ఒక స్పానర్ బొమ్మయినా గీయించలేదు. అక్కర్లేదు కాబట్టి. ఆయన ముక్కే ఆయన బోర్డు. ఇరవై రెండేళ్ళుగా జనం ఆ బోర్డు చూసే వస్తున్నారు.

బండి వీధి మలుపు తిరక్కముందే, చేస్తున్న పని మీంచి తలెత్తకుండానే, "ఆయిలు తాగుతోంది, రింగులు పోయాయి" అనేవాడు. ఒకసారి ఒకాయన స్కూటరు తెస్తే, ట్యాంకు మూత తీసి ఒక్క పీల్పు పీల్చి, "సగం రైలుగేటు దగ్గర బంకుది, సగం మార్కెట్టు దగ్గర బంకుది. రెండోది మానెయ్యండి" అన్నాడు. స్కూటరాయన ముక్కున వేలేసుకుని వెళ్ళిపోయాడు, స్కూటరు మర్చిపోయి. ఇంకోసారి టాక్సీలో తల దూర్చి, "మొన్న ఈ సీట్లో కూర్చున్నావిడ కోపంగా దిగింది" అన్నాడట. అది మాత్రం నేను చూడలేదు. చూడనివాటికి నేను కలిపేది కొంచెమే.

చూసినవే బోలెడు. నా కుట్టుమిషను కిటికీ దగ్గర వేసుకున్నాను, వెలుతురు కోసం. ఆ కిటికీ షెడ్డులోకి ఉండటం నా తప్పా చెప్పండి?

మేస్త్రి భార్యని నేను వదినా అంటాను. వాళ్ళ ఇల్లు షెడ్డు వెనకే, మధ్యలో ఒక తలుపు, ఒక నీళ్ళ తొట్టి. కాని వదిన పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి షెడ్డులోకి తొంగిచూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగిన మనిషి, ఇరవై రెండేళ్ళలో మళ్ళీ ఆ గడప దాటలేదు. పెట్రోలు వాసనంటే ఆవిడకి అస్సలు పడదు. సాయంత్రం ఆరయ్యేసరికి తలుపు దగ్గర బకెట్టు, సబ్బు, ఉతికిన లుంగీ పెట్టేస్తుంది. ఆయన అక్కడే ఒళ్ళు రుద్దుకుని, మనిషై, ఇంట్లోకి వెళ్ళాలి. సబ్బు సరిగ్గా రుద్దలేదనుకోండి, లోపల్నుంచే గొంతు వచ్చేది: "ఎడం మోచెయ్యి!" మళ్ళీ తొట్టి దగ్గరికే.

అంటే ఆ ఇంట్లో ముక్కులు రెండు. ఒకటి ఊరంతటికీ తెలుసు. రెండోదాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తెలిసొచ్చింది లెండి.

ఇక అసలు సంగతి. ఎర్ర కారు రావడానికి మూడు నెలల ముందు మేస్త్రికి జలుబు చేసింది. అలాంటిలాంటి జలుబు కాదు. ఆయన అక్కడ తుమ్మితే ఇక్కడ నా మిషనులో దారం తెగేది. వారం తర్వాత తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసన కూడా పట్టుకుపోయింది. పెట్రోలూ తెలీదు, డీజిలూ తెలీదు, తన సబ్బూ తనకి తెలీదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. భార్యకి చెప్పలేదు. నాక్కూడా తెలియలేదంటే చూడండి, ఎంత గట్టిగా దాచాడో!

దాచక ఏం చేస్తాడు? రెండు వీధుల అవతల అద్దాల వర్క్‌షాపు వచ్చింది. అక్కడ బండికి వైరు తగిలిస్తే చాలు, కంప్యూటరే జబ్బు చెప్పేస్తుంది. కూర్చోడానికి మెత్తటి కుర్చీలు, తాగడానికి చల్లటి నీళ్ళు. అవన్నీ కాదని జనం ఈ నూనె మరకల షెడ్డుకి రావడానికి ఉన్న ఒక్కగానొక్క కారణం మేస్త్రి ముఖం మధ్యలో ఉంది. అది పోయిందని తెలిస్తే ఇక మిగిలేది ఒక జాకీ, నాలుగు స్పానర్లు, బోర్డు లేని గోడ.

అందుకని నాటకం మొదలుపెట్టాడు. బండి రాగానే బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, గాలి బలంగా పీల్చి, "ఊఁ..." అనేవాడు. ఆ తర్వాత మెల్లిగా, "మీకేమనిపిస్తోంది?" అని బండాయన్నే అడిగేవాడు. ఆయన "ఏదో మాడుతున్నట్టు..." అంటే, "అదే!" అని బానెట్ మీద చెయ్యి వేసేవాడు. మిగతాది కళ్ళతో, చేతులతో వెతుక్కుని బాగుచేసేవాడు. పని తెలిసిన మనిషే కదా. మూడు నెలలు గడిచిపోయాయి.

సోమవారం పొద్దున ఎర్ర కారు వచ్చింది.

అది పళ్ళ డాక్టరుగారిది. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిస్తే వెనక్కి పోతుంది. ముందు భాగం పొడుగ్గా ముసలి మొసలిలా ఉంటుంది. ఎత్తు ఎంతంటే, అందులో కూర్చున్నవాళ్ళకి లోకంలో అందరి మోకాళ్ళూ బాగా తెలుస్తాయి. వయసు యాభై దాటింది. డాక్టరుగారికి పెళ్ళి కంటే ముందే ఆ కారు ఉంది. అందుకే ఆయన భార్య, డాక్టరమ్మ, దాన్ని "మీ మొదటిది" అంటుంది.

ఇద్దరూ దిగారు. దిగడమంటే మామూలుగా కాదు, ఒకరికొకరు చెయ్యందించుకుని బావిలోంచి పైకొచ్చినట్టు లేచారు.

"చిన్న ఇబ్బంది మేస్త్రీ. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త ఆయాసపడుతోంది. అంతే" అన్నాడు డాక్టరుగారు.

"అంతేనా? కంపు సంగతి చెప్పరేం?" అంది డాక్టరమ్మ. "మేస్త్రిగారూ, కారు నిండా పెట్రోలు కంపు! మొన్న మా అక్క ఇంటికెళ్తే, ఏంటే, బంకులో పనికి కుదిరావా అని అడిగింది."

"నాకైతే అత్తరులా ఉంటుంది."

"మీకు ఉంటుంది. మొదటిది కదా!" ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "వచ్చే ఆదివారానికి మా పెళ్ళయి నలభై ఏళ్ళు. ఈ కారులోనే సముద్రం దాకా పోవాలని ఈయన ముచ్చట. శనివారం సాయంత్రం వచ్చి ఇందులో కూర్చుంటాను. వాసన లేదా, సరే. ఉందా, తిన్నగా అద్దాల వర్క్‌షాపుకే. మీ ముక్కు గురించి నా వాకింగు స్నేహితురాళ్ళు పదిహేనుమందికీ చెప్పింది నేనే. అది పనిచెయ్యలేదని కూడా నేనే చెప్పాల్సొస్తుంది మరి."

పదిహేనుమంది ఆడవాళ్ళంటే పదిహేను బండ్లు, పదిహేనుమంది మొగుళ్ళ బండ్లు, ఆపైన వాళ్ళ నోళ్ళు. నా ఒక్క నోరే ఈ వీధికి ఎక్కువంటారు. పదిహేనంటే ఊహించుకోండి.

మేస్త్రి కారులో తల పెట్టి, కళ్ళు మూసుకుని, పీల్చాడు. "ఊఁ... మీకు ఎటునుంచి వస్తున్నట్టుందమ్మా?"

"నన్నడుగుతారేంటి? ముక్కు మీదా, నాదా?" అని నవ్వింది ఆవిడ.

ఆవిడ నవ్వింది గాని మేస్త్రి ముఖం సున్నం కొట్టినట్టయింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కాని అప్పుడు జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేసి, విప్పుతూ ఉన్నాను.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి కారు తాళం తిప్పాడు. వెనకనుంచి టిక్ టిక్ టిక్ అని చప్పుడు. ఆ కారుకి పెట్రోలు పంపు వెనక చక్రం దగ్గర, కింద దాక్కుని ఉంటుంది. తాళం తిప్పగానే కొట్టుకోవడం మొదలుపెట్టి, ట్యాంకులో పెట్రోలుని ముందున్న ఇంజను దగ్గరికి తోస్తుంది. అక్కడ నిండగానే దానంతటది ఆగిపోవాలి. ఇది ఆగదే! ఇంజను ఆపేసి ఉన్నా, నాలుగు క్షణాలకోసారి టిక్... టిక్... ఎక్కిళ్ళు పట్టినట్టు. అంటే తోసిన పెట్రోలు ఎక్కడో కారిపోతోందన్నమాట. ఇదంతా మేస్త్రి నాకు చాలాసార్లు చెప్పాడు. నేను అడక్కపోయినా చెప్పాడు.

కారుని జాకీ మీద లేపి కిందకి దూరాడు. పంపు అంచున తడి కంటికే కనిపించింది. విప్పి చూస్తే, లోపల గుండ్రటి రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రం అంటారు, పంపుకి గుండెకాయ అదే. అది ఎండిపోయి, నెర్రెలు విచ్చి, వేలు పెడితే పిగిలిపోయేట్టు ఉంది.

కొత్తది ఎక్కడ దొరుకుతుంది? ఆ కారు చేసినవాళ్ళే చేయడం మానేసి తరాలైంది. కాని డాక్టరుగారు తక్కువవాడా! ఆ కారుకి పనికొచ్చే సామానంతా ఏళ్ళ తరబడి పోగుచేసి, ఆస్పత్రిలో కట్టుడు పళ్ళు పెట్టే సొరుగులోనే దాచుకున్నాడు. ఒకసారి ఒక ముసలాయనకి పొరపాటున పన్నుకి బదులు వాషరు బిగించాడని, అది సరిపోయిందని చెప్పుకుంటారు. ఫోను చెయ్యగానే కొత్త డయాఫ్రం దూదిలో చుట్టి పంపించాడు.

మంగళవారం ఆ పని చూడాలి మీరు! మేస్త్రి గచ్చు మీద పాత దుప్పటి పరిచి, పంపుని దాని మీద విప్పి పెట్టాడు. స్క్రూలు విప్పినవి విప్పినట్టు వరసలో పేర్చాడు. అంచులు గీకి శుభ్రం చేశాడు. కొత్త పొరని వేళ్ళతో మెల్లిగా తిప్పుతూ బిగించి, మరీ బిగిస్తే కొట్టుకోదని మళ్ళీ లెక్కపెట్టి కాస్త కాస్త వదులు చేశాడు. నేను సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా అంత ఊపిరి బిగబట్టను. పంపు మళ్ళీ దాని చోట కూర్చోబెట్టి, తాళం తిప్పాడు.

టిక్ టిక్ టిక్ టిక్... టిక్... టిక్.

ఆగింది. ఒక నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. చప్పుడు లేదు. పంపు కడుపు నిండిన పసిబిడ్డలా పడుకుంది.

మేస్త్రి గిన్నెలో పెట్రోలు పోసుకుని చేతుల జిడ్డు కడుక్కున్నాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు అది. వదిన చింపి ఇచ్చిన పాత బనీనుతో తుడుచుకున్నాడు. సీటు మీద తన చేతి జిడ్డు కనిపిస్తే అదే బనీనుతో శుభ్రంగా తుడిచాడు. స్టీరింగు తుడిచాడు. తలుపు పిడి తుడిచాడు. పెద్దవాళ్ళ బండి కదా అని ఇంకో చుట్టు కూడా తుడిచాడు. సాయంత్రం డాక్టరుగారు వచ్చి, ఎత్తు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూసి, "ఆయాసం పోయింది మేస్త్రీ! పరుగెడుతోంది!" అని ఇంటికి తీసుకుపోయాడు.

బుధవారం పొద్దున తొమ్మిదికల్లా కారు మళ్ళీ షెడ్డు ముందుంది.

"వాసన పోలేదంటోంది మేస్త్రీ."

"పంపు ఆగింది కదండీ! కారుతుంటే ఆగదు."

"నాకు అర్థమైంది. మా ఆవిడ ముక్కుకి అర్థం కావడంలేదు. నువ్వే ఒకసారి వాసన చూడు."

మేస్త్రి తల పెట్టి చూశాడు. "ఊఁ" అన్నాడు. ఇంకేమంటాడు? మళ్ళీ పంపు విప్పాడు. వాషర్లు మార్చాడు. పైపుల క్లిప్పులన్నీ బిగించాడు. తాళం తిప్పితే టిక్ టిక్ అని ఆగింది. మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. గోడ దగ్గరికొచ్చి నన్ను అడిగాడు: "నా బనీను గుడ్డ చూశావా అమ్మాయ్?"

"నీ బనీను నేనేం చేసుకుంటా అన్నయ్యా? జాకెట్టు కుట్టమంటావా?"

గొణుక్కుంటూ పోయి ఇంకో బనీను తెచ్చుకున్నాడు. సీటు తుడిచి, స్టీరింగు తుడిచి, కారు పంపించాడు.

గురువారం మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టరుగారి గొంతులో కూడా విసుగు ఉంది. "నిన్నటికంటే ఎక్కువైందట మేస్త్రీ. నీ ముక్కుకి ఏం తెలియడంలేదా?"

మేస్త్రి కారుని మళ్ళీ జాకీ మీద లేపాడు. ఆ రోజంతా ట్యాంకు కిందకి దించి, దాని అతుకులన్నీ వేలితో తడిమి, పైపు పొడుగునా చాక్‌పీసు పొడి చల్లి, ఎక్కడైనా తడుస్తుందేమోనని కళ్ళు చించుకుని చూశాడు. ఎక్కడా తడి లేదు. చెవి కారడంలేదంటోంది, కన్ను కారడంలేదంటోంది. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. ఇరవై రెండేళ్ళు ముక్కు మాట విన్న మనిషికి, కళ్ళూ చెవులూ పరాయివాళ్ళ సాక్ష్యంలా ఉంటాయి మరి. ముఖం చూస్తే కుడితిలో పడ్డ ఎలకే.

ఆ సాయంత్రమే వదిన పొయ్యి మీద పాలు పెట్టి, బట్టలు తియ్యడానికి మేడ మీదకెళ్ళింది. మేస్త్రి పొయ్యి పక్కనే పీట మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగు బొగ్గయింది. మా ఇంట్లో కూర్చున్న నాకు దగ్గొచ్చింది. మేడ మీంచి వదిన పరుగున దిగింది. పక్కనే కూర్చున్న మేస్త్రి మాత్రం పేజీ తిప్పాడట.

"ఏవండీ! పాలు!"

"ఆఁ? పేపర్లో పడిపోయాను."

"ఏముంది పేపర్లో?"

చూస్తే అది పాత పేపరు. అల్మరాలో పరిచినది. వదిన ఇంకో మాట అనలేదు. అనలేదంటేనే ఏదో ఉందని లెక్క.

శుక్రవారం పొద్దున మేస్త్రి షెడ్డు తలుపు తెరవగానే నా కిటికీలోంచి బట్టల పెట్టె తెరిచినట్టు గుప్పుమంది. కలరా ఉండల వాసన! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక స్కూటరాయన వచ్చి, రెండు తుమ్ములు తుమ్మి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. మేస్త్రి మాత్రం హాయిగా కారు చుట్టూ తిరుగుతున్నాడు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది. అలాగే తిరుగుతున్నాడు.

ఆరింటికి తొట్టి దగ్గర వదిన నిలబడి ఉంది. నేను మిషను ఆపేశాను. దారం అయిపోయింది లెండి.

"చొక్కా జేబులో చెయ్యి పెట్టండి."

ఆయన పెట్టాడు. తెల్లటి ఉండలు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, నాలుగు, ఆరు.

"పొద్దున్నుంచీ జేబులోనే ఉన్నాయి. వీధి చివర పిల్లి కూడా ఊరొదిలిపోయింది. మీకు తెలియలేదు. ఎప్పుడు పోయింది?"

"ఏది?"

"ఏదంటారేంటి! ముక్కు."

మేస్త్రి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "జలుబప్పుడు."

"మూడు నెలలా! మూడు నెలలు నాతో చెప్పలేదా?"

"చెప్తే ఏం చేస్తావే? నువ్వు ఊదితే వస్తుందా?" ఆయన ఎర్ర కారు వైపు చెయ్యి చూపించాడు. "రేపు సాయంత్రం ఆవిడొస్తుంది. వాసనుందంటుంది. ఎక్కడుందో నాకు తెలియదు. ఆపైన ఈ షెడ్డుకి కుక్క కూడా రాదు. ముక్కు లేని ముక్కు మేస్త్రిని ఎవరు చూస్తారు?"

వదిన ఆ ఉండలన్నీ కొంగులో మూటకట్టుకుంది. తర్వాత అంది: "నిన్న మీ చొక్కా ఉతుకుతుంటే వచ్చింది ఒక్క పెట్రోలు వాసనే కాదు. ట్యాంకు అడుగు మడ్డి వాసన, చాక్‌పీసు వాసన ఉన్నాయి. మొన్నటి చొక్కాకి రబ్బరు వాసన. మంగళవారం నాటి చొక్కా కుడి చేతికి ఇత్తడి స్క్రూల వాసన."

మేస్త్రి నోరు తెరిచాడు. నేనూ తెరిచాననుకోండి, కాని నన్నెవరూ చూడలేదు.

"అవన్నీ నీకెలా తెలుసే?"

"ఇరవై రెండేళ్ళు మీ చొక్కాలు ఉతికింది ఎవరు, గవర్నరా? వెళ్ళి మోచేతులు రుద్దుకోండి."

శనివారం పొద్దున ఎనిమిదింటికి, సూర్యుడు పడమట పొడిచినా అంత ఆశ్చర్యపోను, వదిన షెడ్డు గడప దాటింది. కొంగు నడుముకి దోపింది. ముక్కుకి ఏ అడ్డమూ లేదు. ముఖం మాత్రం చేదు మందు మింగుతున్నట్టు పెట్టింది.

"ఎక్కడ మీ పంపు?"

ఆయన చూపించాడు. ఆవిడ చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, పీల్చింది. "ఇక్కడ లేదు." ట్యాంకు మూత దగ్గర పీల్చింది. "ఇక్కడ కొంచెం. అది మామూలే అనుకుంటా." "మామూలే" అన్నాడాయన. బానెట్ ఎత్తించింది. "వేడి నూనె. దుమ్ము. చచ్చిన బల్లి ఒకటి, ఆ మూల." ఆయన వెతికితే నిజంగానే ఉంది! పైపు వెంబడి ఈ చివర్నుంచి ఆ చివరికి పాకింది. ఎక్కడా లేదంది.

మేస్త్రి ముఖం వాడిపోయింది. "మరి ఆ డాక్టరమ్మకి ఎక్కడ్నుంచి వస్తోంది?"

వదిన డ్రైవరు వైపు తలుపు తెరిచింది. వెంటనే తల వెనక్కి లాక్కుని, "అమ్మో!" అంది. మళ్ళీ ధైర్యం చేసి వంగింది. స్టీరింగు వాసన చూసింది. సీటు వాసన చూసింది. సీటు వెనక సందులో భుజం దాకా చెయ్యి దూర్చింది. చెయ్యి బయటికొచ్చింది, వేళ్ళ చివర ఒక బనీను ముక్క వేలాడుతోంది. మంగళవారం పెట్రోలుతో తడిసి, బుధవారం వెతికితే దొరకని బనీను.

"ఇది ఎవరిదండీ?"

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే విన్నాను గాని, కళ్ళారా చూడటం అదే. మంగళవారమే బాగైపోయిన కారు అది! మొదటిరోజు పోయిన కంపు పంపుది. ఆ తర్వాత వచ్చిన కంపంతా మేస్త్రిదే. బాగుచేసిన ప్రతిసారీ పెట్రోలు చేతులతో ముట్టుకుని, పెట్రోలు గుడ్డతో ముద్దుగా తుడిచి, నిన్నటికంటే ఎక్కువ కంపు కట్టించి పంపించాడు.

మేస్త్రికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇదివరకైతే సబ్బునీళ్ళతో కడుక్కున్నాకే సీటు ముట్టుకునేవాణ్ణే. ముక్కే చెప్పేది, చేతులు కంపుగా ఉన్నాయిరా అని. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేక..."

"లేకేం? గోడవతల ఒకత్తి ఉంది కదా, రోజంతా మన షెడ్డే చూస్తూ! దానికైనా తెలియలేదా?" అంది వదిన, నా కిటికీ వైపే చూస్తూ.

"నేను పని చేసుకుంటున్నా వదినా! నాకేం తెలుసు!" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయిందని ఆ తర్వాత అనిపించింది.

"పనిలేకపోతే రెండు బకెట్ల నీళ్ళు పట్రా."

పట్టుకెళ్ళాను. తప్పుతుందా? సీట్లు, స్టీరింగు, తలుపులు, కాళ్ళ కింది పట్టాలు సబ్బుపెట్టి రుద్దాం. మేస్త్రిని మాత్రం వదిన దగ్గరికి రానివ్వలేదు. "మీరు ముట్టుకోకండి. మీరే కంపు." పైకప్పు మడిచి, తలుపులు బార్లా తెరిచి, కారుని ఎండలో పెట్టాం. ఆ రోజు ఎండ కూడా ఎలా కాసిందంటే, మేస్త్రి పరువు కోసమే కాసినట్టు కాసింది. గంటకోసారి వదిన వచ్చి వంగి వాసన చూసి, "ఇంకా ఉంది" అనేది. మూడోసారి "పిసరంత" అంది. నాలుగింటికి ఏమీ అనకుండా తల ఊపి, పైకప్పు మళ్ళీ వేయించింది.

అయిదింటికి డాక్టరుగారు, డాక్టరమ్మ ఆటోలో దిగారు. డాక్టరమ్మ తిన్నగా వెళ్ళి కారులో కూర్చుంది. తలుపు వేసుకుంది. అద్దం ఎత్తింది. లోపల కళ్ళు మూసుకుని ముక్కు ఎగబీల్చింది. డాక్టరుగారు గోళ్ళు కొరుకుతున్నాడు, పళ్ళ డాక్టరై ఉండి! మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇంకోసారి పీల్చింది. వంగి సీటు కింద కూడా పీల్చింది. నేను సూది నోట్లో పెట్టుకుని మర్చిపోయాను, ఆ టెన్షనులో మింగలేదంటే అదృష్టం.

అద్దం దిగింది.

"సబ్బు వాసన" అంది డాక్టరమ్మ. "ఇంకేం లేదు. ఏమండీ, ఏం లేదు!" ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ! మేస్త్రిగారి ముక్కంటే ముక్కే. రేపే చెప్తాను మా వాళ్ళందరికీ."

అంతే. అయిపోయింది. పరువు దక్కింది. మేస్త్రి నోరు మూసుకుని ఒక నవ్వు నవ్వి ఊరుకుంటే చాలు, బోర్డు లేని గోడ మీద బోర్డు మళ్ళీ వెలిగేది. నేనైతే ఊరుకునేదాన్నే. పైగా రెండు మాటలు కలిపి చెప్పుకునేదాన్ని.

వెనక తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. సబ్బునీళ్ళకి వేళ్ళు ముడతలు పడ్డాయి. కొంగు ఇంకా నడుముకే ఉంది. మేస్త్రి ఒకసారి అటు చూశాడు.

"ముక్కు నాది కాదమ్మా" అన్నాడు. "నా ముక్కు పోయి మూడు నెలలైంది. పంపు బాగుచేసింది నేను. కంపు అంటించింది కూడా నేనే. అది పట్టుకున్నది మా ఆవిడ."

"లోకమంతా చాటాలా!" అని వదిన పళ్ళు కొరికింది గాని, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ముందు నవ్వింది డాక్టరుగారు. "మేస్త్రీ, నీతో నేనూ ఒక మాట చెప్తాను. నా ఎడమ చెవి వినపడక పదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు జనం కేకలు విన్న చెవి, ఇక చాలని పోయింది. అప్పట్నుంచి కేకలకి చెయ్యి అదరడంలేదు, నా చెయ్యి చాలా తేలికని పేరొచ్చింది."

"పదేళ్ళా!" అంది డాక్టరమ్మ కారులోంచి. "పదేళ్ళుగా ఎడమ పక్కన కూర్చుని ఈ కారు అమ్మెయ్యమని చెప్తున్నదంతా..."

"ఏమన్నావ్?" అన్నాడు డాక్టరుగారు.

ఆవిడ కోప్పడదామని మొదలుపెట్టి, నవ్వేసి, కారు దిగి తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళింది. "ఏమమ్మా, మా ఇంట్లో ఫ్రిజ్జు వెనక నెల నుంచీ ఏదో వాసన. ఎంత వెతికినా తెలియడంలేదు. ఒకసారి వస్తావా?"

"బండ్ల వాసనే చూస్తాను. అదీ నాలుగింటి నుంచి ఆరింటి దాకానే" అంది వదిన.

ఆదివారం ఎర్ర కారు సముద్రం దాకా వెళ్ళొచ్చింది. డాక్టరమ్మ పదిహేనుమందికీ చెప్పింది. జరిగింది జరిగినట్టే చెప్పిందట. అది కూడా ఒక పద్ధతేనా? అయినా జనం తగ్గలేదు, సోమవారం మూడు బండ్లు ఎక్కువే వచ్చాయి. ముక్కు లేని మేస్త్రిని చూద్దామని వచ్చినవాళ్ళు కొందరు, ముక్కున్న ఆవిడని చూద్దామని వచ్చినవాళ్ళు ఇంకొందరు.

ఇప్పుడు రోజూ నాలుగింటికి వదిన షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటుంది. బండ్లు వరసలో నిలబడితే, లేచి ఒక్కోదాని దగ్గర వంగి, ఒక్కో పీల్పు పీల్చి వస్తుంది. నిన్న నా కిటికీలోంచి విన్నాను.

"ఏవండీ, ఆ తెల్ల స్కూటరుకి పైపు చిట్లింది. ఆ నల్లదానికి ఆయిలు మార్చండి."

"ఆ నీలం మోటారుసైకిలు? ఆయన ఏదో కంపని గొడవచేస్తున్నాడు."

వదిన గొంతు తగ్గించింది. కాని తగ్గించినా నాకు వినపడుతుంది.

"బండికేం లేదు. ఆయన్నే స్నానం చేసి రమ్మనండి."